పొర నిలబెట్టిన రాయి

ఒప్పుకోనని చెప్పడానికే ఈనక్ సట్‌క్లిఫ్ ఆ పొద్దున సమాధుల కొండ ఎక్కాడు. "మీ పని నేను చెయ్యను" అన్న నాలుగు మాటల్నీ ఇంటి గుమ్మం దగ్గర్నుంచి నమిలి నమిలి నోట్లో సిద్ధంగా ఉంచుకున్నాడు.

స్కార్‌బెక్ ఊళ్లో అతని ఉలి తగలని గొప్పింటి సమాధి లేదు. కొండ మీద ఏ దేవదూత రెక్క చూసినా, ఏ రాతి గులాబీ చూసినా ఇది ఈనక్ చెయ్యి అని గుర్తుపట్టొచ్చు. కానీ ఓర్మరాడ్ దొర సమాధికి మాత్రం పని చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. కారణం ఊరందరికీ తెలిసిందే. రెండేళ్ల కిందట ఓర్మరాడ్ నూలు మిల్లులో మూడో అంతస్తు తగలబడింది. గంట కొట్టకముందే ఆడపిల్లలు బయటికి జారుకుంటున్నారని, తలుపుకి బయటినుంచి తాళం వేయించింది దొరే. లోపల ఆరుగురు పిల్లలు మాడిపోయారు. వాళ్లలో ఒకతె ఈనక్ కూతురు కెజియా. పద్నాలుగేళ్ల పిల్ల.

పన్నెండుమంది పెద్దమనుషులు విచారణకి కూర్చుని, ప్రమాదం, ఎవరి తప్పూ లేదు అని తేల్చేసి భోజనాలకి లేచారు. దొర ఆ ఆరు ఇళ్లకీ నల్ల అంచు కార్డులు పంపాడు. చావు భోజనానికని, కార్డుతో పాటు ఒక్కో ఉప్పు పట్టిన పంది తొడ కూడా పంపాడు. ఈనక్ దాన్ని కార్డుతో సహా తీసుకెళ్లి వాగులో పారేశాడు.

ఎవరు ఎవరో పోల్చుకునే వీలు లేక ఆరుగురినీ ఒకే గోతిలో పెట్టారు. కొండ కింద, వాగు వారన, బీదవాళ్ల నేలలో. ఆ నేల శ్మశానం కంపెనీది. అక్కడ రాయి నిలపకూడదని కంపెనీ రూలు. ఈనక్ మూడుసార్లు వెళ్లి అడిగాడు. జానెడు రాయి చాలు, రాయి నాదే, చెయ్యీ నాదే అన్నాడు. మూడుసార్లూ కాదన్నారు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నారు. ఆ కంపెనీకి అధ్యక్షుడు ఎవరో వేరే చెప్పాలా, ఓర్మరాడ్ దొరే. ముప్ఫై ఏళ్లు ఊరి బిడ్డలందరి పేర్లూ చెక్కిన మనిషికి, సొంత బిడ్డ పేరు చెక్కుకోవడానికి ఆ కొండ మీద చోటు లేకపోయింది. అతనికి కావలసింది అదొక్కటే. ఇంకేమీ అక్కర్లేదు.

కొండ కొమ్మున దొర, అప్పుడే కట్టిన రాతి పీఠం మీద కాగితం పరిచి నిలబడి ఉన్నాడు. మనిషి బతికే ఉన్నాడు, దిట్టంగా ఉన్నాడు, సమాధి మాత్రం ముందే కావాలి. ఆ రోజుల్లో అదొక షోకు.

"రావయ్యా ఈనక్," అన్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టు. "చూడు. లీడ్స్‌లో గీయించాను."

చూడకూడదనుకుంటూనే ఈనక్ చూశాడు. అది సమాధి కాదు, చిన్న చర్చి. నాలుగు స్తంభాలు, వాటి మీద కోసుగా లేచే కమానులు, అన్నిటికీ పైన గుడ్డ కప్పిన రాతి కూజా. మూలమూలనా నిద్రకి గుర్తుగా గసగసాల కాయలు. చుట్టూ ఐవీ తీగ. గడప మీద తోక నోట కరుచుకున్న పాము, దాని మధ్య రెక్కలున్న ఇసుక గడియారం. ఆరిపోయిన ప్రాణానికి గుర్తుగా ప్రతి స్తంభానికీ తలకిందులు కాగడాలు.

"కాగడాలు ఎన్నండీ?" అన్నాడు.

"పన్నెండు."

ఈనక్ కాగితం మీద మరోసారి లెక్కపెట్టాడు. ఈ మనిషి సమాధికి పన్నెండు కాగడాలు. గీసినవాడికి తెలియకపోవచ్చు, కట్టించుకునేవాడికైనా సిగ్గుండొద్దా?

"మధ్యలో ఇదేంటండీ?"

మధ్యలో పెద్ద పలక ఉంది. ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. ఒక పక్క కుర్చీలో దొర చెయ్యి చాపి కూర్చున్నాడు. ఎదురుగా ఆరుగురు ఆడపిల్లలు గ్రీకు దుప్పట్లు చుట్టుకుని, తలలు వంచుకుని ఏడుస్తున్నారు.

"మా మిల్లు పిల్లలే. ఆ ఆరుగురూ," అన్నాడు దొర. "నేనూ ఎంత బాధపడ్డానో జనానికి తెలియాలి కదా."

ఈనక్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. చచ్చిపోయిన పిల్లలు, తమ చావుకి కారణమైనవాడి కోసం ఎల్లకాలం రాతిలో నిలబడి ఏడవాలట. నాలుగు మాటలూ నాలుక చివరికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే దొర ఇంకో మాట అన్నాడు.

"అంతా ఒకే రాయి ఉండాలి. అతుకు కనపడకూడదు. మా క్వారీలోంచే తీయిస్తున్నాను."

"ఒకే రాయి కుదరదండీ." ఈనక్ నోరు అలవాటుగా తనంతట తనే తెరుచుకుంది. "మీ క్వారీలో పొర మందం రెండడుగులే. ఏడడుగుల ఎత్తు ఒక్క ముక్కలో కావాలంటే రాయిని లేపి నిలబెట్టాలి. అప్పుడు పొరలు నిలువుగా వస్తాయి. నాలుగు వరసలుగా కడితే..."

"నాలుగు వరసలంటే మూడు అతుకులు."

"అవునండీ."

"అందులో ఒకటి నా ముక్కు మీదుగా పోతుందా?"

"పోవచ్చండీ."

దొర నవ్వాడు. "నా మొహానికి అతుకేంటయ్యా? నిన్ను చెక్కమని పిలిచాను గానీ చెప్పమని పిలవలేదు. నాకు నీ చేత్తోనే పని, నోటితో కాదు."

రాయి భూమిలో ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. ఉలి పట్టిన మొదటి రోజు ఎవరికైనా నేర్పేది అదే. పుస్తకం పడుకుని ఉంటే వాన అట్ట మీదుగా జారిపోతుంది. నిలబెడితే పేజీల మధ్యకి దిగుతుంది. దిగిన నీరు చలికి గడ్డకట్టి, ఉబ్బి, పొర తర్వాత పొరని ఊడదీస్తుంది. ముందు ముక్కులు పోతాయి, తర్వాత మొహాలు, తర్వాత చాపిన చేతులు. పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో ఏ శిల్పమూ మిగలదు, గరుకు గోడ మిగులుతుంది.

దొర ఇదంతా వినిపించుకోలేదు. ఈనక్ చెప్పబోతే విననన్నాడు. విననన్నవాడికి చెప్పాల్సిన పనేముంది? ఈనక్ టోపీ తీశాడు.

"చిత్తం దొరగారూ," అన్నాడు. "ఒకే రాయి."

కొండ దిగుతుంటే అతనికి నవ్వొచ్చింది. రెండేళ్లలో అదే మొదటిసారి.

* * *

భార్య హెప్సీకి మాత్రం నవ్వు రాలేదు. ఓట్స్ రొట్టె అతని ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒప్పుకుని వచ్చావా?"

"ముందు విను. అది నిలవదు. ఆ రాయిని నిలువు పొరల మీద నిలబెడతారు. వాడి ముక్కు వాడి కొడుకు కళ్ల ముందే రాలిపోద్ది. వాడి డబ్బుతో, వాడి క్వారీ రాయితో, వాడు అడిగినట్టే."

"ఆ పిల్లలో?"

"పిల్లలెక్కడున్నారు? కాగితం మీద గ్రీకు దుప్పట్లు కప్పుకున్న బొమ్మలు. మనకేం కారు. అవీ పోతాయి."

"నీకు పిచ్చెక్కింది," అంది హెప్సీ.

"ఎక్కితే ఎక్కింది. ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. కానీ ఆ రోజునుంచి అతని పని గురించి ఒక్క మాటా అడగలేదు. అడగకపోవడం కూడా ఒక రకంగా తిట్టడమేనని ఈనక్‌కి తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

కాగడాలు చెక్కాడు. పాముని చెక్కాడు. ఐవీ ఆకుల ఈనెలు వేలు పెడితే తగిలేలా చెక్కాడు. కోపం చేతిని పాడుచేస్తుందంటారు గానీ అతని విషయంలో అదేం జరగలేదు. ఎప్పుడూ లేనంత బాగా సాగింది ఉలి. కుర్చీలో దొరని కూడా వెంట్రుక వాసి తేడా లేకుండా చెక్కాడు, ఎప్పటికైనా రాలిపోయేదే కదా అన్న ధీమాతో.

పిల్లల బొమ్మలు మొదలుపెట్టే రోజుల్లో డైనా వచ్చింది. కాలిపోయిన లవీనియాకి తల్లి. భర్త లేడు, ఆ ఒక్క పిల్లే. మిల్లు తగలబడిన రోజునుంచి, తానెందుకు బతికి ఉన్నానని ఊరంతా వినేలా దేవుణ్ణి తిట్టిన మనిషి. ఈనక్ రాయి చెక్కే పాక గుమ్మంలో నిలబడి, గచ్చు మీద పడుకోబెట్టిన పలక వంక చూసింది.

"ఆరుగురిని చెక్కుతున్నావంట గదా మేస్త్రీ. అందులో నాదెవత్తి?"

"నీదెవత్తీ లేదు డైనా. ఉత్త బొమ్మలు."

"అందరూ మన పిల్లలంటున్నారు."

"అననీ."

ఆమె లోపలికి వచ్చింది. ఇంకా మొహాలు పడని ఆరు రాతి ముద్దల చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఈ కొండంతట్లో నా పిల్లకి గోరంత రాయి లేదు," అంది. "గోతిమీద పువ్వు పెడదామన్నా ఏ చోట పెట్టాలో తెలీదు. నువ్వు ఆరు మొహాలు చెయ్యాలి గదా, ఎలాగూ ఎవరివో ఒకరివి చేస్తావు గదా. ఒకటి నాదాన్ది చెయ్యి. ఎవరికీ చెప్పన్లే. ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్న గాటు ఉంటది, మిల్లులో నూలు కండె ఎగిరి తగిలింది. అది వేస్తే నేను పోల్చుకుంటా."

అప్పుడు చెప్పాల్సింది. ఈ రాయి నిలవదు, దీని మీద నీ బిడ్డ వద్దు అని, ఆ ఒక్క ముక్క చెప్పాల్సింది. కానీ డైనాకి చెబితే మర్నాటికి ఊరికి తెలుస్తుంది, ఎల్లుండికి దొరకి తెలుస్తుంది. ఇంత చేసి దొరని వదిలిపెట్టాలా? కోపం అతని నాలుకని పట్టుకుంది. ఇరవయ్యేళ్లకి ఎవరుంటారో ఎవరు పోతారో అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

"ఏ కనుబొమ్మ అన్నావు?" అన్నాడు.

"ఎడమది."

వారం తిరక్కుండా మిగతా తల్లులూ వచ్చారు. టాబితకి పైపెదవి కొంచెం పొట్టి. రోడా జడ ఎప్పుడూ కుడిభుజం మీదే. సెలీనాకి గడ్డం మీద సొట్ట. మెర్సీకి ఒక చెవి పెద్దది, దాన్ని మాత్రం చిన్నది చెయ్యమని తల్లి బతిమాలింది, ఆ పిల్ల దానికోసం ఏడ్చేదట. ఈనక్ అన్నీ చేశాడు. దుప్పట్లు తీసేసి మిల్లు ఏప్రన్లు తొడిగాడు. ఆరోది ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఒక్కటి మాత్రం తల్లులు అడక్కుండానే మార్చాడు. కాగితం మీద వంగి ఉన్న తలల్ని పైకెత్తాడు. కన్నీళ్లు తీసేశాడు. ఆరుగురూ కుర్చీలో కూర్చున్న మనిషిని సూటిగా చూస్తున్నారు.

ఒక రోజు దొర చూడ్డానికి వచ్చాడు.

"తలలు వంచలేదేం?" అన్నాడు దొర.

"వంచితే మెడల మీద వాన నీళ్లు నిలుస్తాయండీ. నాచు పడుతుంది."

"ఓహో." తల పంకించాడు. మొహాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచాడు. "బావున్నాయయ్యా. బతికున్నట్టే ఉన్నాయి. ఎక్కడ దొరికాయి ఈ మొహాలు?"

"మీ మిల్లులోనేనండీ."

దొర నవ్వి ఈనక్ భుజం తట్టి వెళ్లిపోయాడు. నాలుగేళ్లు తన మిల్లులో నూలు వడికిన పిల్లల్లో ఒక్కతెని కూడా గుర్తుపట్టలేదు.

* * *

కెజియా గడ్డం నునుపు చేసిన రోజు ఈనక్ ఉలి కింద పెట్టి, అరచెయ్యి ఆ బుగ్గ మీద పెట్టాడు. పొడి రాయి చల్లగా ఉంది. చేతికింద పొరలు నిలువుగా ఉన్నాయి. తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది. కెజియాకి ఆ కొండ మీద దక్కే రాయి ఇదొక్కటే, ఆ ఒక్కటీ కుళ్లు రాయి. కుళ్లని తెలిసి ఒప్పుకున్నది తనే.

మర్నాడు ఉదయం మిల్లు ఆఫీసుకి వెళ్లాడు. ఎవరి సమాధికి పని చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడో ఆ మనిషి ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

"దొరగారూ, ఆ రాయి నిలవదు. నాలుగు వరసలుగా మళ్లీ చెక్కిస్తానండీ. కూలి అక్కర్లేదు. రాయి ఇప్పించండి చాలు."

"ఎన్నాళ్లుంటుంది?"

"పదిహేను, మహా అయితే ఇరవై చలికాలాలు."

"ముందు ఏది పోతుంది?"

"పడమటి వాన కొట్టే పక్క పోతుందండీ. అంటే..." ఈనక్ ఆగాడు. ఆ లెక్క అతను అప్పటిదాకా వేసుకోలేదు. కోపంలో వాన ఎటునుంచి కొడుతుందో మరిచిపోయాడు. "పిల్లల పక్క."

"మరి నా పక్క?"

"కమాను చాటున ఉంటుంది. చాలాకాలం ఉంటుందండీ."

"అయితే నీకేంటయ్యా బాధ?" అన్నాడు దొర, నిజంగానే అర్థం కానట్టు. తర్వాత కాగితాల్లోకి తల వంచాడు.

ఆ నెలలోనే పలక నిలబెట్టారు. రెండేళ్లకి దొర మంచం మీద, కొడుకు చేతిలో చెయ్యి పెట్టి సుఖంగా పోయాడు. నలభై గుర్రబ్బళ్లు కొండెక్కాయి.

ఆదివారం చర్చి అయ్యాక అయిదుగురు తల్లులూ ఆ సమాధి దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. ఎవరి పిల్ల కింద వాళ్లు పూలు పెట్టేవాళ్లు. మా నాన్నంటే కూలివాళ్లకి ఇంకా ఎంత భక్తో అని దొర కొడుకు మురిసిపోయాడు. హెప్సీ కూడా వెళ్లేది, ఈనక్‌తో కాకుండా, వాళ్లతో. ప్రతి వసంతంలోనూ ఈనక్ ఒక్కడే వెళ్లి, వేలి కణుపుతో ఆరు మొహాల మీదా తట్టి చూసేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన రాయి డొల్లగా పలుకుతుంది. ఏడో ఏట అయిదు ఖంగుమన్నాయి, ఒకటి డొల్లగా పలికింది. అది కెజియాది కాదు. అదన్నా అయ్యుంటే బాగుండుననుకున్నాడు.

పదకొండో చలికాలం భయంకరమైన మంచు పడింది. అది కరిగిన వారం డైనా ఏప్రన్‌లో ఏదో మూట కట్టుకుని ఈనక్ ఇంటికి వచ్చింది. బల్ల మీద విప్పింది. రాతి పెచ్చులు. వాటిలో ఒకదాని మీద కనుబొమ్మ, దాని మీద గాటు.

"మొహం ఊడి పడిపోయింది మేస్త్రీ," అంది. "అన్నీ ఏరుకొచ్చా. ఒక్క ముక్కా పోలేదు. అతికించు."

ఈనక్ పెచ్చుల వంక చూశాడు. హెప్సీ పొయ్యి దగ్గర నిలబడి అతని వంక చూసింది. పదకొండేళ్ల నుంచి నోట్లో దాచుకున్నది ఆమె చూపులో ఉంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అన్నట్టుంది.

"అతకదు డైనా," అన్నాడు. "అతికించినా నిలవదు. మిగతావీ పోతాయి. రాయిని నిలబెట్టిన తీరే తప్పు. మొదటినుంచీ తెలుసు."

"ఎవరికి?"

"నాకు."

డైనా గాటు ఉన్న పెచ్చుని చేతిలోకి తీసుకుంది.

"నేను పాకకి వచ్చిన రోజుకా?"

"ఆ రోజుకీ తెలుసు."

"ఏ కనుబొమ్మ అని అడిగావు గదా నన్ను."

దొర మీద కోపంతో చేశానని, వాడి మొహం రాలిపోవాలనే చేశానని ఈనక్ చెప్పబోయి, ఆ మాటలు తనకే అసహ్యంగా తోచి మింగేశాడు. డైనా పెచ్చుల్ని మళ్లీ ఏప్రన్‌లో వేసుకుంది. కేక వెయ్యలేదు. వేస్తే నయంగా ఉండేది.

"వాడు తలుపుకి తాళం వేశాడు," అంది. "నువ్వు నోటికి వేసుకున్నావు. నా పిల్లకి రెండూ ఒకటే."

వెళ్లిపోయింది. హెప్సీ ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్లి, అక్కడే చాలాసేపు నిలబడింది.

* * *

మర్నాడు ఉదయం పదిగంటలకి, నలుగురూ తిరిగే వేళ, ఈనక్ సంచీ భుజాన వేసుకుని కొండెక్కాడు. పలక కుళ్లిందే గానీ దానికింద పీఠం కుళ్లలేదు. దాన్ని పడుకున్న పొరమీద, పద్ధతి ప్రకారం కట్టారు. దాని నుదుటి మీద వేలెడంత లోతున ఓర్మరాడ్ పేరూ, బిరుదులూ ఉన్నాయి. వాటి కింద కావలసినంత ఖాళీ. గీత గియ్యలేదు, కొలత చూసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని సుత్తి ఎత్తాడు.

మొదట లవీనియా. తర్వాత టాబిత. రోడా అక్షరాలు పూర్తవుతుండగా శ్మశానం మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎవరయ్యా నీకు చెప్పింది? కంపెనీ అనుమతి ఉందా?"

"మూడుసార్లు అడిగాను," అన్నాడు ఈనక్, తల తిప్పకుండా.

"ఇది ఒకరి సొంత సమాధి."

"ఇది వీళ్లది కూడా. పైన నిలబడి ఉన్నారు కనపడటం లేదూ?"

మేనేజరు పోలీసుని పిలవడానికి పోయాడు. సెలీనా అయ్యింది. మెర్సీ అయ్యేటప్పటికి పోలీసు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఈనక్ ఉలి మొన ఆరో చోట పెట్టి ఉంది. అంగుళం గీత మాత్రం పడింది. పోలీసు సుత్తి లాక్కున్నాడు.

"ఇంకొక్క పేరయ్యా," అన్నాడు ఈనక్. "మా పిల్లది."

"లే."

లేచాడు. ముందు తన పిల్ల పేరే చెక్కుకుని ఉంటే అది దక్కేది. ఆ సంగతి ఉలి ఎత్తకముందే అతనికి తెలుసు. తెలిసే ఆ వరస పెట్టుకున్నాడు. అయినా సుత్తి చేతిలోంచి పోయాక, వంగి ఆ అంగుళం గీతని బొటనవేలితో తడిమాడు.

ఒకరి ఆస్తి పాడుచేసినందుకు రెండు నెలలు జైలు వేశారు. దొర కొడుకు ఆ పేర్లు చెరిపించమన్నాడు. స్కార్‌బెక్ మేస్త్రీల్లో ఒక్కడూ ఉలి ఎత్తలేదు. మొదటివాడు నడుం నొప్పన్నాడు, రెండోవాడు పనిముట్లు పదును పోయాయన్నాడు, మూడోవాడు ఏ సాకూ చెప్పకుండా మొహం మీదే తలుపేశాడు. పొరుగూరి నుంచి ఒకణ్ణి తెప్పించారు. అతను పీఠం ముందు కూర్చుని అయిదు పేర్లూ చదివి, ఎవరివని అడిగి తెలుసుకుని, సంచీ సర్దుకుని వచ్చిన బండిలోనే వెళ్లిపోయాడు.

జైలునుంచి వచ్చిన రోజు ఈనక్ ఇంటికి పోకుండా తిన్నగా కొండెక్కాడు. పలక మీద ఆరు మొహాల్లో రెండే మిగిలాయి. కుర్చీలో దొర మాత్రం కమాను చాటున చెక్కుచెదరకుండా, చెయ్యి చాపి కూర్చుని ఉన్నాడు. ఈనక్ ఆ మొహం మీద ఉమ్మేసి, కిందికి చూశాడు.

అయిదు పేర్ల కింద ఆరోది ఉంది.

ఉలితో చెక్కింది కాదు. ఇనప మేకుతోనో, కత్తెర మొనతోనో రోజుల తరబడి గీసింది. ఒక అక్షరం పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి తిరగబడి ఉంది. చదవడం రాని మనిషి ఏదో కాగితం చూసి ఒక్కో గీతా దించుకున్నట్టుంది. అయినా తప్పు లేకుండా చదవొచ్చు. కెజియా.

పక్కనే డైనా కూర్చుని ఉంది. ఒళ్లో హెప్సీ బైబిలు, పిల్లల పేర్లూ పుట్టిన తేదీలూ రాసుకునే మొదటి పేజీ తెరిచి ఉంది. చేతివేళ్లకి గుడ్డ పీలికలు చుట్టుకుని ఉన్నాయి.

ఊరందరిలోకీ చక్కటి అక్షరం చెక్కగల ఈనక్ చెయ్యి, తిరగబడ్డ అక్షరం వైపు దానంతట అదే చాచుకుంది.

"ముట్టుకోకు," అంది డైనా. "నీకోసం కాదు గీసింది. పిల్లకోసం."

ఈనక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె బైబిలు మూసి, అతని వంక చూడకుండా కొండ దిగిపోయింది.